వణుకు రాని నెలలు

ఒంటికి వణుకు రావాలని దువా చేసిన మనిషిని మీరెక్కడా చూసి ఉండరు. నేను చేశాను. నెలల తరబడి, నమాజు చివర చేతులెత్తినప్పుడల్లా అదొక్కటే అడిగాను. ఇప్పుడు కొంచెం తెరిపిన పడ్డాను కాబట్టి రాయగలుగుతున్నాను. రాస్తే మనసు కుదుటపడుతుందని నా స్నేహితురాలు సుజాత పోరుతోంది. పడుతుందో లేదో చూడాలి. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళూ, వాళ్ళతో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళూ చదివితే నాకు చాలు.

నా పేరు షమీమ్. ధర్మసాగర్‌లో ఒక హైస్కూల్లో తెలుగు టీచర్ని. సుజాత అక్కడే సైన్స్ చెబుతుంది. ఇల్లు వరంగల్‌లో. నా భర్త ఖాజాకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. చుట్టుపక్కల ఊళ్ళలో బావుల దగ్గర కాలిపోయిన మోటార్లన్నీ ఆయన చేతికే వస్తాయి. అత్తమ్మ మాతోనే ఉంటుంది. ఒక్కతే కూతురు ఆయేషా, ఇంటర్ చదువుతోంది. అది కడుపులో ఉన్నప్పుడే నాకు షుగర్ వచ్చింది. కాన్పు కాగానే పోతుందన్నారు. కాన్పు అయింది, పిల్ల పెరిగింది, షుగర్ మాత్రం ఇల్లు కదల్లేదు. కొన్నేళ్ళు గోలీలు మింగాను, ఆ తర్వాత ఇన్సులిన్.

షుగర్ జబ్బంటే చక్కెర పెరగడమేనని అందరికీ తెలుసు. సూది వేసుకున్నవాళ్ళకు అది తగ్గిపోతుందని, తగ్గడమే ఎక్కువ ప్రమాదమని తెలిసినవాళ్ళు తక్కువ. తగ్గినప్పుడు చేతులు వణుకుతాయి, మెడ వెనక చెమట పడుతుంది, గుండె దడదడలాడుతుంది, కనబడిందల్లా తినేయాలనిపిస్తుంది. తీపి ఏదైనా నోట్లో వేసుకుంటే కాసేపట్లో సర్దుకుంటుంది. ఏళ్ళ తరబడి నాకది జలుబు చేసినంత మామూలు సంగతి. హ్యాండ్‌బ్యాగులో బెల్లం ముక్కలు కట్టుకుని తిరిగేదాన్ని. పిల్లలు నాకు చాటుగా బెల్లం టీచర్ అని పేరు కూడా పెట్టారు.

పోయిన రంజాన్

ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళు రోజాలు ఉండకూడదని నాకు షుగర్ చూసే డాక్టరమ్మ ముందే చెప్పింది. తలూపి వచ్చాను. తీరా నెల మొదలయ్యాక ఇంట్లో అందరూ నోరు కట్టుకుని ఉంటే నేనొక్కదాన్నే కంచం ముందేసుకుని కూర్చోవడం నా వల్ల కాలేదు. సూది మోతాదు నాకు తోచినంత తగ్గించుకుని ఉన్నాను. ఎవరూ బలవంతం చేయలేదు, ఎవరూ వద్దనలేదు. మా అత్తమ్మ ములుగు వైపు అడవి పల్లెలో పుట్టిన మనిషి, చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచి రోజా వదలడం ఎరగదు. ఆమె తెల్లవారకముందు సెహ్రీకి నాకొక రొట్టె ఎక్కువ పెట్టేది. అంతకంటే ఆమె మాత్రం ఏం చేస్తుంది.

పొద్దు వాలే వేళకు నాకు వణుకు మొదలయ్యేది. ఉపవాసం ఒంటికి తెలుస్తుంటే మా ఇళ్ళలో ‘రోజా లగ్‌రా’ అంటారు, రోజా తగులుతోందని. ఒకరికి తలనొప్పి రూపంలో తగులుతుంది, ఒకరికి నీరసం రూపంలో. నాకు వణుకు రూపంలో తగులుతోందని అందరం అనుకున్నాం. తగిలిన రోజాను ఓర్చుకుంటే పుణ్యం ఎక్కువ. అత్తమ్మ తడిగుడ్డ తెచ్చి నా మొహం తుడిచేది, ఆయేషా పండ్లు కోసే పని నా చేతిలోంచి తీసుకునేది. నేను గోడకు ఆనుకుని కళ్ళు మూసుకునేదాన్ని. అజాన్ వినబడి ఖర్జూరం నోట్లో పడితే ప్రాణం లేచివచ్చేది.

సగం నెల గడిచేసరికి వణుకు తగ్గింది. ఆఖరి రోజుల్లో అసలే లేదు. ఇఫ్తార్ దాకా పొయ్యి దగ్గరే నిలబడి మిర్చీలు వేయించాను, పక్కింటికి పళ్ళెం పంపాను, ఆయేషాతో పోట్లాడాను. అత్తమ్మ మురిసిపోయింది.

“సూసినవా షమీమ్, ఈ యేడు నీకు రోజా తగుల్తనే లేదు. అల్లా రహమ్ చేసిండు” అన్నది.

నేనూ అది ఆయన దయేననుకున్నాను. ఈద్ తర్వాత ఉండే ఆరు రోజాలు కూడా ఆ సంతోషంలోనే ఉండేశాను. వాటిలోనూ వణకలేదు. అత్తమ్మ తన చెల్లెళ్ళకు ఫోన్లు చేసి మరీ చెప్పుకుంది.

వానలు

బడి తెరిచిన కొత్తలో నాకేమీ తేడా తెలియలేదు. తెలిసింది ఇంట్లో వాళ్ళకు. ఒక మాట మొదలుపెట్టి మధ్యలో ఆపేస్తున్నానని ఆయేషా అనేది. చాయ్‌లో ఉప్పు వేశానని ఒకరోజు నవ్వుకున్నారు. ఊరికే చిరచిరలాడుతున్నానని ఖాజా అంటే, ఇన్నేళ్ళు చిరచిరలాడకపోవడమే నా తప్పని నేనన్నాను. వయసనుకున్నాం, పని అలసట అనుకున్నాం.

వానలు బాగా పడుతున్నప్పుడు ఒక మధ్యాహ్నం తొమ్మిదో తరగతిలో పద్యం చెబుతున్నాను. మొదటి పాదం బోర్డు మీద రాశాను. ఆ తర్వాతది నాకు తెలియదు, పిల్లలు చెప్పిందే. అదే పాదాన్ని దాని కిందే మళ్ళీ రాశానట. మళ్ళీ రాశానట. బోర్డు నిండిపోయాక గోడ మీద రాయబోయానట. మొదట పిల్లలు నవ్వారు. తర్వాత నవ్వడం మానేసి సుజాతను పిలుచుకు వచ్చారు. సుజాత వచ్చి కూర్చోమని చెయ్యి పట్టుకుంటే, నా క్లాసులోకి ఎందుకొచ్చావని ఆమె చెయ్యి విసిరికొట్టి, అక్కడే గోడవారన జారిపడ్డాను.

నాకు గుర్తున్నది చేతిలో చాక్‌పీసు, ఆ తర్వాత దవాఖానలో నా మీద తిరుగుతున్న ఫ్యాను. మధ్యలో ఏమీ లేదు. నిద్రపోయి లేస్తే నిద్రపోయామని తెలుస్తుంది, ఇది అలా కూడా లేదు. చక్కెర చాలా దిగువకు పడిపోయిందనీ, ఎక్కించామనీ చెప్పారు. ముందు వణుకు రాలేదా, చెమట పట్టలేదా అని నర్సు అడిగింది. రాలేదన్నాను. గుర్తు లేదేమో అన్నదామె. గుర్తు లేకపోవడం కాదు, రాలేదు. ఆమె నా దుప్పటి సర్ది వెళ్ళింది.

అప్పటి నుంచి దవాఖాన వరండా మాకు రెండో ఇల్లయింది. టోకెన్ పట్టుకుని బెంచీ మీద కూర్చుంటే, ముందున్న వాళ్ళందరి కథలూ వినక తప్పదు. షుగరని చెప్పామా, ఇక సలహాలే సలహాలు. ఒకరు మెంతులు నానబెట్టమంటారు. ఒకరు కాకరకాయ రసం పొద్దున్నే తాగమంటారు. సూది మొదలుపెట్టావా, అయితే ఇక అంతే అని ఇంకొకరు పెదవి విరుస్తారు. నాకు తగ్గుతోంది, పెరగడం కాదు అంటే, అయితే మంచిదే కదా అంటారు. చెప్పీ చెప్పీ విసుగొచ్చి, మోకాళ్ళ నొప్పులని అబద్ధం ఆడడం మొదలుపెట్టాను. దానికి నువ్వుల నూనె రాయమన్నారు.

ఒకరోజు ములుగు దగ్గర్నుంచి వచ్చినామె నా పక్కన కూర్చుంది. భర్త కాలికి కట్టు, ఆయన గోడకు తలానించి నిద్రపోతున్నాడు. ఆమె నన్నేమీ అడగలేదు. సంచిలోంచి సీతాఫలం తీసి రెండుగా విడదీసి, పెద్ద సగం నా చేతిలో పెట్టి, గింజలు ఉమ్మడానికి కాగితం కూడా ఇచ్చింది. ఇద్దరం మాట్లాడుకోకుండా తిన్నాం. ఆ నెలల్లో నాకు హాయిగా అనిపించిన కాసేపు అదే.

దసరా సెలవులు

దీని గురించి రాయకుండా తప్పించుకోవాలని చాలా చూశాను.

సెలవుల్లో ఒక పగటిపూట ఇంట్లో నేనూ అత్తమ్మా ఉన్నాం. ఆయేషా బట్టలు ఆరేయడానికి మిద్దె మీదికి పోయింది. నేను వంటింట్లోకి నడిచి వెళ్ళి, చక్కెర డబ్బా మూత తీసి, పిడికిలితో నోట్లో పోసుకుంటున్నానట. నా తలకు తెలియకపోయినా నా ఒంటికి ఎక్కడో తెలిసినట్టుంది. అత్తమ్మకు తెలిసిందేమిటి? షుగర్ ఉన్న కోడలు చక్కెర తింటోంది. ఇన్నేళ్ళుగా నాకు మిఠాయి కనబడకుండా దాచిన మనిషి ఆమె. పెళ్ళిళ్ళలో వలీమా విందులకు పోతే నా కంచంలోంచి ఖుబానీ కా మీఠా తీసేసి తన కంచంలో వేసుకున్న మనిషి. నా ప్రాణం కాపాడుతున్నాననుకునే డబ్బా లాక్కుంది.

నేను వదల్లేదట. పెనుగులాడానట. నోటికొచ్చిన మాటలు అన్నానట. అత్తమ్మ నోట విన్న ఆ మాటలు ఆయేషా నాకు సగమే చెప్పింది. మిగతా సగం అడిగితే లేచి వెళ్ళిపోయింది. ఆఖరికి నేను అత్తమ్మను తోశాను. ఆమె గడప మీద పడింది, మణికట్టు విరిగింది. ఆ కేకకు ఆయేషా పరుగెత్తుకు వచ్చి, నేల మీద పడిన చక్కెరను చేత్తో ఎత్తి నీళ్ళలో కలిపి నాకు తాగించింది. నేను తాగి, కాసేపటికి తేరుకుని, అత్తమ్మ చెయ్యి పట్టుకుని ఏడుస్తుంటే చూసి, ఏమైందత్తమ్మా, జారిపడ్డావా అని అడిగానట.

చేసిన పాపానికి ఏడవచ్చు, క్షమించమని అడగొచ్చు. ఎవరో నా ఒంట్లో దూరి చేసి వెళ్ళిన దానికి నేనెలా ఏడవాలి? ఏడవకుండా ఎలా ఉండాలి? పెద్దామె చేతికి సిమెంటు కట్టు వేశారు. అన్నం ఆయేషా తినిపించేది. అత్తమ్మ నాతో కోపంగా మాట్లాడలేదు, అసలు మాట్లాడలేదు. నేను వంటింట్లోకి వస్తే ఆమె ముందు గదిలోకి పోయేది. నాకు భయపడుతోందని అర్థమవడానికి కొన్నాళ్ళు పట్టింది.

ఖాజా షాపు పొద్దున ఆలస్యంగా తెరిచి, సాయంత్రం తొందరగా మూసేవాడు. నన్ను ఒంటరిగా వదలొద్దని ఇంట్లో అనుకున్నారు, నాతో చెప్పకుండానే. గుమ్మం దాటితే ఎవరో ఒకరు చెప్పులేసుకునేవారు. స్నానానికి పోతే గడియ పెట్టొద్దని ఆయేషా బతిమాలింది. కాలేజీకి పోవాల్సిన పిల్ల సగం రోజులు మానేసి నా ముందు పుస్తకం పట్టుకుని కూర్చుంది. చదివేది పుస్తకం కాదు, నా మొహం. ఈ పిల్ల పరీక్షలు నా మూలంగా పోతాయన్న బెంగ, ఇల్లంతా నాకు కాపలాదారులైపోతారన్న బెంగ నన్ను తినేసింది. ఒక్కదాన్నే బస్సెక్కి, బడికి పోయి, ఒక్కదాన్నే ఇంటికి రావడం అన్నంత చిన్న సంగతి నాకిక జన్మలో లేదేమో అనుకున్నాను.

డాక్టరమ్మ దగ్గర

ఈసారి అందరం వెళ్ళాం. డాక్టరమ్మే రమ్మంది, అత్తమ్మను కూడా తీసుకురమ్మంది. జరిగిందంతా ఖాజా తల వంచుకుని చెప్పాడు. ఆమె విని, నా వైపు కాకుండా అత్తమ్మ వైపు తిరిగి మాట్లాడింది.

మెదడుకు చక్కెరే తిండట. దాచిపెట్టుకోవడానికి దానికి చోటు లేదు, నెత్తురు ఎప్పటికప్పుడు తెచ్చి ఇస్తుండాలి. అందుకని మెదడు అడుగున కొన్ని కణాలు ఎప్పుడూ కాపలా ఉంటాయట. చక్కెర పెరిగితే చురుకయ్యే కణాలు కొన్ని, తగ్గితే చురుకయ్యే కణాలు కొన్ని. తగ్గిందని కనిపెట్టగానే ఒళ్ళంతటికీ కబురు పంపుతాయి. గుండె వేగం పెరుగుతుంది, చెమట పడుతుంది, చేతులు వణుకుతాయి. ఆ వణుకు జబ్బు కాదట, చాటింపట.

“మరి నాకెందుకు రావట్లేదు?” అని అడిగాను.

“మాటిమాటికీ తగ్గుతూ ఉంటే ఆ కణాలు తక్కువకే అలవాటు పడిపోతాయమ్మా. ఇంతేలే అనుకుంటాయి. కబురు పంపడం మానేస్తాయి. అదెలా జరుగుతుందో మాకూ పూర్తిగా తెలియదు, జరుగుతుందని మాత్రం తెలుసు” అన్నది.

తిండి తగ్గిందని చెప్పాల్సింది మెదడే, తిండి తగ్గి మసకబారేదీ మెదడే. ఆకలితో సొమ్మసిల్లిన మనిషిని తట్టి లేపి, నీకు ఆకలిగా ఉందా అని అడిగితే ఏం చెబుతాడు? ఇన్నేళ్ళు నా తల నాదేననుకున్నాను, దాని మాటే నా మాట అనుకున్నాను. అది అబద్ధం చెబుతుంటే పట్టుకోవడానికి నా దగ్గర ఇంకో తల లేదు.

అత్తమ్మ మెల్లగా అడిగింది. “డాక్టరమ్మా, పోయిన రంజాన్ల ముందుగాల వణికింది. పోనుపోను వణుకు బందైంది. రోజా తగుల్తలేదని మేం ఖుషీ అయినం. అంటే గది...”

“అప్పటికే చక్కెర పడిపోతోంది పెద్దమ్మా. చెప్పేవాళ్ళు లేకుండా పోయారు, అంతే.”

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిరిగి వస్తుంటే ఆటోలో నా పక్కన కూర్చుని, చాలా దూరం వచ్చాక, కట్టు కట్టిన చేతిని నా ఒళ్ళో పెట్టింది.

“నలుగురికి చెప్పుకున్న షమీమ్. రహమ్ అనుకున్న” అన్నది.

“నేను గూడ గట్లనే అనుకున్న అత్తమ్మా” అన్నాను. ఇంటికి చేరేదాకా ఆ చెయ్యి అలాగే ఉంది.

చలికాలం

డాక్టరమ్మ చెప్పిన వైద్యం వినడానికి సులువు. కొన్ని వారాలపాటు చక్కెర ఒక్కసారి కూడా తగ్గకుండా చూసుకోవాలి. కొంచెం ఎక్కువగానే ఉండనివ్వాలి. తక్కువకు మరిగిన కణాలు మెల్లగా పాత లెక్క గుర్తు తెచ్చుకుంటాయి, అప్పుడు తగ్గితే మళ్ళీ కబురు పంపుతాయి. పంపొచ్చు. చాలామందిలో పంపుతాయి. ఆ ‘చాలామందిలో’ అన్న మాట నాకు బాగా గుచ్చుకుంది. చిన్నప్పటి నుంచీ నేను ఎందులోనూ చాలామందిలో లేను.

మిషన్‌లో చక్కెర చూసుకోవడానికి ఇక పొద్దస్తమానం వేలు పొడుచుకోవడమే. నిద్ర లేచి ఒకసారి, తినే ముందు, తిన్నాక, బడికి పోయే ముందు, వచ్చాక. చాక్‌పీసు పట్టుకుంటే వేళ్ళ చివర్లు మండేవి. ఆకలి లేకపోయినా టైముకు తినాలి. ఇంతకాలం తినొద్దు తినొద్దన్న ఇల్లే ఇప్పుడు తిను తిను అంటూ వెంటపడింది. ఖాజా నన్ను బండి మీద బడి దగ్గర దింపి, సాయంత్రం వచ్చి తీసుకెళ్ళేవాడు. మధ్యలో సుజాత. స్టాఫ్ రూములో ఆమె కుర్చీ నా కుర్చీ పక్కకు ఎప్పుడు మారిందో నేను చూడలేదు.

అన్నిటికంటే విసిగించింది ఒకటి ఉంది. నాకు కోపం వచ్చే హక్కు పోయింది. ఒకరోజు మంచం మీద రాగి తీగ ముక్కలు గుచ్చుకున్నాయి. షాపు బట్టలతో మంచమెక్కొద్దని నేను ఖాజాకు పెళ్ళైన కొత్త నుంచీ చెబుతున్న మాటే మళ్ళీ చెప్పాను, కొంచెం గట్టిగా చెప్పాను. ఆయన లోపలికెళ్ళి గ్లూకోజు నీళ్ళు కలుపుకొచ్చి, ముందు ఇది తాగు అన్నాడు. నాకేమీ తగ్గలేదన్నాను. తగ్గినప్పుడు కూడా అట్లనే అంటావన్నాడు. అదీ నిజమే కదా. తాగాను. వేలు పొడిచి చూస్తే చక్కెర ఎక్కడో పైన ఉంది. అప్పుడు నాకొచ్చిన కోపం చూసి ఆయేషా ఇంకో గ్లాసు కలపబోయింది. అత్తమ్మ పడిపడి నవ్వింది. కట్టు విప్పాక ఆమె నవ్వడం అదే మొదటిసారి. నేనూ నవ్వాను, కానీ ఆ రోజు పడుకున్నాక ఏడుపొచ్చింది. నా కోపం నాదో కాదో నాకే రుజువు లేదు.

వారాలు గడిచాయి. ఎప్పుడైనా కొంచెం కిందికి జారితే మిషన్ చెప్పేది, నా ఒళ్ళు చెప్పేది కాదు. అంకె చూసి బెల్లం నోట్లో వేసుకుని, చేతులు ముందుకు చాచి చూసుకునేదాన్ని. నిమ్మళంగా ఉండేవి, రాయిలా. ఎట్లున్నవ్ అని ఇంట్లో రోజంతా అడిగేవారు. బాగున్నానంటే నమ్మరు, బాగా లేనంటే బెదిరిపోతారు. జవాబు చెప్పే ఓపిక పోయి కొన్నిసార్లు ఊరుకునేదాన్ని. ఊరుకుంటే వేలు పొడిచేవారు.

ఈ రంజాన్

ఈసారి రోజా మాట ఎవరూ ఎత్తలేదు. ఆదివారాల్లో మధ్యాహ్నం అత్తమ్మే నాకు అన్నం వడ్డించేది. తను పచ్చి గంగ ముట్టని మనిషి, నా ఎదురుగా పీట వేసుకుని, నేను చెయ్యి కడుక్కునేదాకా కూర్చునేది. ముద్ద దిగేది కాదు. పక్కింటావిడ ఏదో అనబోతే, దీనికి తినుడే ఇబాదత్ అని అత్తమ్మ ఆమె నోరు మూయించింది. తినడమే ఆరాధన అని. అయినా బయట తినాలంటే మాత్రం నాకు చచ్చేంత సిగ్గుగా ఉండేది. బురఖా వేసుకుని రంజాన్ పగటిపూట నోరు కదిలించడమంటే మా వాళ్ళలో మామూలు మాట కాదు. బడిలో కూడా తలుపు చాటుకు పోయి తినేదాన్ని.

నెల నడుమ ఒకరోజు ఖాజా ఫోన్ చేశాడు. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఒక రైతు మోటార్ కాలిపోయి వరి ఎండుతోందనీ, తను అక్కడే ఉన్నాననీ, బడి అయ్యాక సుజాతతో రమ్మనీ చెప్పాడు. సరేనన్నాను. రంజాన్‌లో మా వాళ్ళను గంట ముందు ఇంటికి పంపిస్తారు. రోజా లేకపోయినా పొమ్మని హెడ్మాస్టర్ అన్నాడు. సుజాతకు ఇంకా క్లాసు ఉంది. నేను గేటు దగ్గర ఆమె కోసం నిలబడ్డాను. వేలు పొడిచి చూసుకున్నాను, బాగానే ఉంది. అప్పుడే వరంగల్ బస్సు వచ్చింది. ఎక్కేశాను.

ఎందుకెక్కానో సరిగ్గా చెప్పలేను. ధైర్యం కాదు. అలసిపోయాను. నన్ను ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి అందించుకోవడం చూసీ చూసీ అలసిపోయాను. ఎక్కాక సుజాతకు ఫోన్ చేస్తే ఆమె తిట్టిన తిట్లు రాయలేను, తెలుగు టీచర్నైపోయాను కదా.

బస్సు నిండా ఆడవాళ్ళు. ఇఫ్తార్ వేళకు ఇల్లు చేరాలని తొందర. కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. కొంత దూరం పోయాక కడ్డీ అదురుతున్నట్టు అనిపించింది. పాత బస్సు కదా అనుకున్నాను. పక్కన నిలబడ్డ అమ్మాయి చెయ్యి కూడా అదే కడ్డీ మీద ఉంది. ఆ చెయ్యి అదరడం లేదు. నా చెయ్యి కడ్డీ మీంచి తీసి కళ్ళ ముందు పెట్టుకున్నాను. వేళ్ళు వణుకుతున్నాయి. మెడ వెనక తడి తగిలింది. గుండె చప్పుడు చెవుల్లో వినబడింది. వచ్చింది, వచ్చింది అని నాలో నేను గొణుక్కుంటూ నవ్వుతుంటే, ముందు సీటులో ఉన్న ఒక ముసలామె నన్ను చూసి జరిగి, చోటిచ్చి కూర్చోబెట్టుకుంది. ఆమెదీ బురఖాయే. ఒళ్ళో ఖర్బూజ పండు, ఖర్జూరాల పొట్లం.

సంచిలోంచి బెల్లం తీశాను. చుట్టూ ఉన్నవాళ్ళలో సగం మంది పొద్దున్నించి ఉమ్మి కూడా మింగనివాళ్ళు. అజాన్‌కు ఇంకా చాలాసేపుంది. ఓర్చుకో అని లోపల పాత అలవాటు లాగింది. పోయినేడు గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నట్టే మూసుకోమంది. నేను నకాబు పైకెత్తి బెల్లం నోట్లో పెట్టుకుని, అందరూ చూస్తుండగా నమిలాను.

“గింతసేపు ఆగినవ్, జరంత సేపు ఆగకపోతివా బిడ్డా” అన్నది ముసలామె, కోపంగా కాదు, జాలిగా.

“ఆగద్దు పెద్దమ్మా. ఆగి ఆగే ఇంతదాంక తెచ్చుకున్న” అన్నాను. ఆమెకేం అర్థమైందో ఏమో, నా సంచిలో ఉన్న నీళ్ళ సీసా తీసి, నా చేతులు ఆడడం లేదని మూత తనే తిప్పి ఇచ్చింది.

ఖాజాకు ఫోన్ చేశాను. బస్సులో ఉన్నాననీ, వణుకు వస్తోందనీ చెప్పాను. ఆయన గొంతు మారిపోయింది.

“పక్కపొంటి ఎవరున్నరు? ఫోన్ వాళ్ళకియ్యి.”

“ఎవ్వలకియ్య. ఎవ్వలు చెప్పలే, ఆయేషా అబ్బాజాన్. నాకే తెలిసింది.”

అవతల బాగుచేసిన మోటార్ తిరుగుతున్నట్టుంది, నీళ్ళు పడుతున్న చప్పుడు వినబడింది. ఆ చప్పుడులోనే ఆయన, తిన్నావా అని అడిగాడు. తిన్నానన్నాను. ఇంకా వస్తోందా అని అడిగాడు. చెయ్యి చాచి చూసుకున్నాను. తగ్గుముఖం పట్టింది, చిటికెన వేలు ఒక్కటే ఇంకా అదురుతోంది.

“జరంత ఉన్నది” అన్నాను. “ఉండనియ్యి.”